అడిగేవారే పుచ్చుకునేవారైతే

ప్రజాధనంతో జరిగే అంతరిక్ష పరిశోధనలో ముందు ఏ ప్రశ్న మీద డబ్బు పెట్టాలన్నది చాలాకాలం ప్రభుత్వ శాస్త్రవేత్తలు, అధికారులు, కొద్దిపాటి పెద్ద కంపెనీలు తేల్చే విషయంగానే ఉండేది. అమెరికాలో 1982లో వచ్చిన చట్టం ఒకటి ఇందులో చిన్న సంస్థలకు చోటు కల్పించింది. బయటివారితో ఏటా పది కోట్ల డాలర్లకు మించి పరిశోధన చేయించే ప్రతి ప్రభుత్వ విభాగమూ అందులో కొంత భాగాన్ని సిబ్బంది 500 మందికి మించని సంస్థలకే ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. 0.2 శాతంతో మొదలైన ఆ వాటా 2017 నాటికి 3.2 శాతానికి చేరింది. నాసాకూ ఇది వర్తించింది. అయితే డబ్బులో వాటా ఇవ్వడం వేరు, దేని మీద పరిశోధన జరగాలో చెప్పనివ్వడం వేరు. ధర్మసందేహమంతా ఈ రెండోదానితోనే వస్తుంది.

2024లో నాసా ఆ పని కూడా చేసింది. అంతరిక్ష సాంకేతికతలో ఇంకా తీరని 187 లోట్లను గుర్తించి, వాటిలో ఏవి ముఖ్యమో చెప్పమని తన కేంద్రాలతో పాటు విశ్వవిద్యాలయాలను, పెద్ద పరిశ్రమను, చిన్న పరిశ్రమను అడిగింది. అన్నీ కలిపి చూస్తే మొదటి స్థానంలో నిలిచింది చంద్రుడి మీద రాత్రిని తట్టుకోవడం. ఆ రాత్రి మన లెక్కలో దాదాపు 14 రోజులు. ఎండ ఉండదు కాబట్టి సౌర ఫలకాలు పనిచేయవు. చలికి బ్యాటరీ గడ్డకడుతుంది. ఒక్కో లోహం ఒక్కో తీరుగా కుంచించుకుపోవడంతో సర్క్యూట్ బోర్డు మీది అతుకులు పగుళ్లిస్తాయి. 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3 ల్యాండర్, రోవర్ సెప్టెంబరు మొదట్లో నిద్రలోకి వెళ్లి మళ్లీ లేవలేదు. ఒక్క పగటి పనికే వాటిని రూపొందించారు కనుక అది వైఫల్యం కాదు. కానీ చంద్రుడి మీదికి సరకు చేరవేసే వ్యాపారం పెట్టుకున్న చిన్న కంపెనీకి ఆ రాత్రి దాటడం బతుకుతెరువు. దాని మీద పరిశోధన జరగాలని ఆ కంపెనీ కోరితే, ఆ మాటను అనుభవంగా తీసుకోవాలా, స్వార్థంగా తీసుకోవాలా?

ఎవరి మాటను ప్రమాణంగా తీసుకోవచ్చన్న చర్చను భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఎప్పుడో చేసింది. ఆప్తుడి ఉపదేశమే శబ్దప్రమాణమని గౌతముడి సూత్రం. ఆప్తుడెవరో వాత్స్యాయనుడు తన భాష్యంలో వివరించాడు: విషయాన్ని స్వయంగా ఎరిగినవాడై ఉండాలి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలన్న కోరికతో మాట్లాడేవాడై ఉండాలి. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా అన్నాడు. అంటే ఆప్తత్వం పదవిని బట్టి రాదు. పదిమందితో నడిచే వర్క్‌షాపు యజమానికీ, ప్రభుత్వ ప్రయోగశాల డైరెక్టరుకూ పరీక్ష ఒక్కటే. చిన్న సంస్థ మొదటి షరతులో తేలిగ్గానే నెగ్గుతుంది. పరికరం ఎక్కడ మొరాయిస్తుందో దానికి తెలిసినంతగా కమిటీకి తెలియదు. చిక్కు రెండో షరతు దగ్గరే. డబ్బు వచ్చే అవకాశం ఉన్నచోట చూసింది చూసినట్టు చెప్పాలన్న కోరిక ఎంత నిలుస్తుంది?

ఆడమ్ స్మిత్ 1776లోనే ఈ అనుమానాన్ని గట్టిగా వెలిబుచ్చాడు. భూస్వామి కంటే వర్తకుడు తెలివైనవాడే, కానీ ఆ తెలివి తన లాభం గురించినది, ప్రజల మేలు గురించినది కాదు. కాబట్టి వర్తకులు సూచించే చట్టాన్ని జాగ్రత్తగానే కాదు, అనుమానంతో కూడా పరిశీలించాలన్నది ఆయన వాదన. సూచననే తోసిపుచ్చమని మాత్రం ఆయన అనలేదు. చిన్న సంస్థలను అడగడం దొంగ చేతికి తాళాలిచ్చినట్టని కొట్టిపారేసేవారు ఈ తేడాను పట్టించుకోరు.

చిన్న సంస్థ అడిగే ప్రశ్నలన్నీ తక్షణ లాభం కోసమేననుకోవడానికీ చరిత్ర ఒప్పుకోదు. 1958లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ‘అమెరికన్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్’ అనే చిన్న కంపెనీ పుట్టింది. మరుసటేడాది అందులో చేరిన రికార్డో జియకోని, భౌతిక శాస్త్రవేత్త బ్రూనో రోసీ సూచనతో, సూర్యుడికి ఆవల నుంచి వచ్చే ఎక్స్ కిరణాలను వెతకాలనుకున్నాడు. నక్షత్రాలన్నీ సూర్యుడిలాంటివే అయితే అంత దూరం నుంచి వచ్చే కిరణాలు ఏ పరికరానికీ అందవన్నది అప్పటి లెక్క. చివరికి వైమానిక దళం డబ్బిచ్చింది; చంద్రుడి నుంచి వచ్చే ఎక్స్ కిరణాలను కొలవడమని కారణం చూపారు. 1962 జూన్ 18 రాత్రి న్యూమెక్సికో నుంచి లేచిన ఏరోబీ రాకెట్ వాతావరణం పైన గడిపింది దాదాపు ఆరు నిమిషాలే. ఆ కాస్త సేపట్లో అందులోని గైగర్ కౌంటర్లు వృశ్చిక రాశి వైపు నుంచి ఎవరూ ఊహించనంత బలమైన ఎక్స్ కిరణాలను పసిగట్టాయి. ఎక్స్ కిరణ ఖగోళశాస్త్రం అలా మొదలైంది. 2002లో జియకోనికి నోబెల్ వచ్చింది. విమానాశ్రయాల్లో సామాను తనిఖీ చేసే ఎక్స్‌రే యంత్రాలను ఆ కంపెనీ తర్వాతి కాలంలో అమ్ముకున్నదీ నిజమే.

దీనికి మరో వైపూ ఉంది. ప్రభుత్వ గ్రాంటుల మీదే ఏళ్లకేళ్లు బతుకుతూ మార్కెట్లోకి ఏ వస్తువూ తేని సంస్థలు అమెరికాలో ఉన్నాయి. వాటికి ‘మిల్లులు’ అని వెక్కిరింపు పేరు. దరఖాస్తు రాయడంలో ఆరితేరినవాడు చెప్పే అవసరం, పనిలో దెబ్బ తిన్నవాడు చెప్పే అవసరం కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. పైగా 187 అంశాలు చదివి మార్కులు వేయడానికి పెద్ద కంపెనీ ఒక మనిషిని కేటాయించగలదు. పగలు లేత్ మీద, రాత్రి లెక్కల పుస్తకం మీద కూర్చునేవాడు ఆ ఫారం తెరవడమే గగనం. అందరికీ తలుపు తెరిచామన్నంత మాత్రాన అందరూ లోపలికి వచ్చినట్టు కాదు. అందువల్ల చిన్న సంస్థల మాటను ప్రశ్నను గుర్తించే దశలో సాక్ష్యంగా తీసుకుని, డబ్బు పంచే దశలో వాటిని పక్కన పెట్టడమే న్యాయంగా కనిపిస్తుంది. సాక్షి జడ్జి కుర్చీలో కూర్చోనంతవరకు, తన స్వార్థాన్ని దాచనంతవరకు, అతడికి స్వార్థం ఉన్నా సాక్ష్యం చెల్లుతుంది.

భారతదేశంలో ప్రైవేటు సంస్థలకు అంతరిక్ష రంగం 2020లో తెరుచుకుంది. హైదరాబాద్‌లో పుట్టిన స్కైరూట్ అనే ప్రైవేటు సంస్థ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్‌ను ఎగరేసింది. ఈ రంగంలోని స్టార్టప్‌ల కోసం 1,000 కోట్ల రూపాయల వెంచర్ క్యాపిటల్ నిధికి 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అయితే ఇది సంస్థల్లో పెట్టుబడి, పరిశోధన గ్రాంటు కాదు. ఏ సంస్థ నిలుస్తుందో చూసి ఇచ్చేదే తప్ప ఏ ప్రశ్నకు జవాబు కావాలో చూసి ఇచ్చేది కాదు. ఇస్రోకు దశాబ్దాలుగా విడిభాగాలు చేసిస్తున్న చిన్న యూనిట్ల సంగతి ఇంకా వేరు. అక్కడ పని ఎక్కువగా జాబ్‌వర్కు: వచ్చిన డ్రాయింగ్ ప్రకారం ముక్క చేసివ్వాలి, తనిఖీలో నెగ్గితే బిల్లు వస్తుంది. ఏ మిశ్రలోహం ఏ కోణంలో కోస్తే పగులుతుందో మెషినిస్టుకు చేతి అనుభవం మీద తెలుసు. ఆర్డరు మీద ఆశ ఉంటుంది గానీ, పరిశోధన గ్రాంటులో అతడికి ఎలాగూ వాటా లేదు. వాత్స్యాయనుడి రెండు షరతులతో కొలిస్తే స్టార్టప్ వ్యవస్థాపకుడి కంటే అతడే ఆప్తుడికి దగ్గరగా ఉంటాడు.