మిగులు బలం

కొట్లో కిలో కందిపప్పు కొంటే త్రాసు సరితూగాక కొట్టువాడు మరో చారెడు విదిలిస్తాడు. దాన్ని కొసరు అంటాం. కొసరు అడగడం తప్పని నేనను. కాకపోతే నెల తిరిగేసరికి ఆ చారెడు కూడా కిలోలో భాగమే అనుకుని, వెయ్యకపోతే "తూకంలో మోసం!" అని వీధికెక్కేవాళ్ళున్నారు. ఈ జబ్బు ఎంత దూరం పోతుందో నాకు బాగా తెలిసొచ్చింది కంప్యూటర్ల దగ్గర.

1998లో ఇంటెల్ వారు సెలెరాన్ 300ఎ అనే ప్రాసెసరు విడుదల చేశారు. ప్రాసెసరంటే కంప్యూటరు బుర్ర అనుకోండి. వేగం 300 మెగాహెర్జ్. మదర్‌బోర్డు 66 మెగాహెర్జ్ చొప్పున తాళం వేస్తుంటే, ఈ బుర్రగారు దాన్ని నాలుగున్నర రెట్లు చేసుకుని పనిచేస్తారు. ఆ నాలుగున్నరని ఎవరూ కదపకుండా కంపెనీవారు బిగించేశారు. అయితే తాళం బోర్డుది కదా! దాన్ని 66 నుంచి 100 చేస్తే? 450! ఎంతో ఖరీదు పెట్టి కొనాల్సిన ప్రాసెసరు వేగం, పైసా ఖర్చు లేకుండా. చాలా ముక్కలు ఆ వేగాన్ని తట్టుకున్నాయి కూడాను. ఈ విద్యకే ఓవర్‌క్లాకింగ్ అని పేరు.

ఆ రోజుల్లో మా వీధిలో ఒక ఇంజనీరింగు కుర్రాడు సికింద్రాబాదులో విడిభాగాలు కొని తెచ్చి, ఇలాంటిదే ఒకటి బిగించుకున్నాడు. రెండు నెలలు రాజాలా నడిచింది. ఎండలు ముదిరాక, మీట నొక్కితే విండోస్ గుమ్మం దాకా వచ్చి, నీలం తెర వేసుకుని కూలబడడం మొదలెట్టింది. కుర్రాడు ముందు విండోస్‌ని తిట్టి మళ్ళీ ఎక్కించాడు. తర్వాత మెమరీ మార్చాడు. తర్వాత మన కరెంటు మీద పడ్డాడు. మన ఓల్టేజిని అనుమానించడానికి సాక్ష్యం అక్కర్లేదు గదా! వాళ్ళ నాన్నగారికి కంప్యూటరు గురించి ఓనమాలు తెలియవు. ఆయన ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "ఒరే, దాని అసలు వేగంలో నడిపినా ఇలాగే చేస్తుందా?"

"300లో నడుపుకోడానికా నాన్నా ఇంత తంటాలు పడింది?" అని విసుక్కున్నాడు వాడు.

చూశారా? 450 ఇస్తామని వాడికి ఎవరూ మాట ఇవ్వలేదు. అయినా రెండు నెలల్లో అది వాడి హక్కయి కూర్చుంది. డబ్బిచ్చి కొన్న 300 ఇప్పుడు నష్టంలా కనిపిస్తోంది.

ఇంతకీ ఆ మిగులు బలం ఎందుకుంచుతారు? ఒకే సిలికాన్ పలక మీద తయారైనా అన్ని ముక్కలూ ఒక్కలా రావు. వేడి ఎక్కువైనా, ఓల్టేజి కాస్త తగ్గినా, ఏళ్ళు గడిచినా లెక్క తప్పకుండా చెప్పగల వేగాన్నే ఖాయం చేస్తారు. (ఇంకా పరుగెత్తగల ముక్కని బజారు గిరాకీ కోసం తక్కువ వేగం పేరుతో అమ్మడమూ కద్దు. వ్యాపారం వ్యాపారమే.) చల్లటి రాత్రి ఖాళీగా ఉన్నట్టు కనిపించే ఆ బలం మే నెల మధ్యాహ్నం పనిలోకి దిగుతుంది. రాత్రే ఖర్చుపెట్టేసుకుంటే మధ్యాహ్నానికి ఏం మిగులుతుంది?

కూలబడేది మొదట్లోనే ఎందుకంటే, ఆ వేళ డిస్కు, మెమరీ, డ్రైవర్లు అన్నీ ఒక్కుమ్మడిగా నిద్రలేస్తాయి. తాళానికీ తాళానికీ మధ్య వ్యవధి చాలక సున్నా ఒకటైపోతే చాలు, కొంప మునుగుతుంది. ఇంకో విచిత్రం. తాళాన్ని 100 దాకా కాక 83 దగ్గర ఆపితే, చాలా బోర్డుల మీద 33లో నడవాల్సిన పీసీఐ దారి 41 దాటేది. బుర్ర నిక్షేపంగా ఉండేది, డిస్కులో రాతలు చెడేవి. ఒకరి పరుగుకి పక్కవాడు బలి!

ఇది పాతకాలపు గొడవ అనుకోకండి. ఇంటెల్ వారి 13, 14వ తరం ప్రాసెసర్లు కొన్నిటి మీద ఆటలు మొదలవుతూనే కూలిపోయేవి. తెర మీద మాత్రం వీడియో మెమరీ చాలలేదని వచ్చేది. నేరం ప్రాసెసరుది, నింద గ్రాఫిక్స్ కార్డుది! ప్రాసెసరే మితిమీరిన ఓల్టేజి అడుగుతోందని 2024లో కంపెనీవారు ఒప్పుకుని, వారంటీ మరో రెండేళ్ళు పొడిగించారు.

మనుషుల దగ్గర వారంటీ లేదు. "మా ఆవిడ ఎంత పనైనా చేస్తుందండీ" అని మీసం దువ్వే మగవాణ్ణి చూస్తే నాకు ఆ కుర్రాడు గుర్తొస్తాడు. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అన్నారు. చుట్టాలొచ్చారు, చేసింది. అత్తగారు మంచం పట్టారు, చేసింది. ఇక చేయడమే ఆవిడ వేగం అని ఇంటిల్లిపాదీ ఖాయం చేసేశారు. ఒకనాడు పొద్దున్నే పొయ్యి వెలిగించబోయి అక్కడే చతికిలబడుతుంది. అప్పుడు రక్తం తక్కువంటారు, దిష్టి అంటారు, శని అంటారు. ఆ తండ్రి వేసిన ప్రశ్న మాత్రం ఎవరికీ తోచదు.

అలాగని పరుగంతా పాపమని నేనను. పరీక్షల ముందు పదిరాత్రులు మేలుకునే పిల్లాడు తన గడియారాన్ని తానే తిప్పుకుంటున్నాడు, ఎప్పుడు ఆపాలో వాడి చేతిలోనే ఉంది. పక్కవాళ్ళ గడియారం తిప్పేవాళ్ళతోనే నా పేచీ.

కంప్యూటరుకి వైద్యం తేలిక. చాలా బోర్డుల్లో నాణెమంత బ్యాటరీ తీసి కాసేపాగి పెడితే, మనం పెట్టినవన్నీ మరిచిపోయి అసలు వేగానికి వచ్చేస్తుంది. అప్పుడు నికరంగా లేస్తే, ఒక్కొక్కటే మార్చి చూసుకోవాలి. అప్పుడూ పడిపోతేనే కొట్టువాడి దగ్గరికి వెళ్ళాలి. మనిషి విషయంలో ఈ పనికి సెలవు అని పేరు. ఆఫీసు సెలవు చీటీలో కారణం అనే గడి ఒకటుంటుంది. అందులో జ్వరమనో, మేనత్త కూతురి పెళ్ళనో రాయాలి. "నా అసలు వేగం ఎంతో మరిచిపోయాను" అని రాస్తే మంజూరు చేసే ఆఫీసరు నాకింతవరకూ తగల్లేదు. ఇల్లాలికైతే ఆ చీటీ కూడా లేదు.