రిక్థం, ఋణం, అధికారం: ఆఫ్రికన్ అమెరికన్ల సముద్ర వారసత్వంపై ఒక నైతిక విచారణ

తెలుగులో 'వారసత్వం' మొదట ఆస్తికి సంబంధించిన మాట. కళకు, సంస్కృతికి, జ్ఞాపకానికి దానిని వాడడం తరువాత వచ్చిన అలవాటు. సంస్కృత సమానార్థకాలైన దాయం, రిక్థం కూడా ఇటువంటివే. 'దాయాది' అనగానే తెలుగువారికి పంపకం కంటే ముందు పగ స్ఫురించడం వేరే సంగతి. ఆస్తి వెంట అప్పు కూడా నడుస్తుందన్నది ఈ మాటల వెనుక ఉన్న న్యాయభావన. రిక్థం గ్రహించినవాడే ఋణం తీర్చాలని యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయం విధించింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగు పద్యాలలోకి తెచ్చాడు.

ఈ నియమం ఎదుట ఒక సమకాలీన సందర్భాన్ని నిలిపి చూడవచ్చు. అమెరికాలో ఆఫ్రికన్ అమెరికన్ల సముద్ర చరిత్రను కాపాడే కృషి, ఆ సమాజపు యువతను జల పర్యావరణ పరిరక్షణ వైపు మళ్లించే కృషి కొన్నిచోట్ల ఒకే పనిగా సాగుతున్నాయి. రిక్థం దక్కనివారిని ఋణం మాత్రం తీర్చమనడం న్యాయమేనా అన్నది ఇక్కడి ప్రశ్న.

రిక్థం దక్కలేదనడం అతిశయోక్తి కాదు. ఫ్రెడరిక్ డగ్లస్ బానిసగా ఉన్న రోజుల్లో బాల్టిమోర్ ఓడల కర్మాగారాలలో పలకల సందుల్లో నార కూరి తారు పూసే పని చేశాడు. కూలి యజమాని చేతికి పోయేది. 1838లో అతడు నావికుని వేషంలో, మరొకరి నావిక పత్రం చేతబట్టుకుని ఉత్తరాదికి తప్పించుకున్నాడు. అదే నగరంలో 1865లో శ్వేత కార్మికులు సమ్మె చేసి నల్లవారిని ఓడల పని నుంచి వెళ్లగొట్టారు. అప్పుడు ఐజాక్ మైయర్స్ తదితరులు తమ సమాజంలోనే వాటాలు అమ్మి, 10,000 డాలర్లు కూడబెట్టి, సొంత ఓడల కర్మాగారాన్ని నెలకొల్పారు. అయితే నేల వారిది కాదు. నేల అద్దె పెరగడంతో 1884లో అది మూతపడింది. ఇప్పుడు ఆ తీరాన ఇద్దరి పేర్లతో ఒక మ్యూజియం ఉంది. పనితనం వారిది, రేవు మరొకరిది. ఈ వారసత్వంలో మొదటి నుంచీ కనిపించే నిర్మాణం ఇదే.

స్మృతి నియమాన్ని యథాతథంగా అన్వయిస్తే తీర్పు సులభం. నీటి సంపదను అనుభవించినవారే నీటి ఋణం తీర్చాలి. అలబామాలోని ఆఫ్రికాటౌన్ ఈ వాదానికి బలమైన సాక్ష్యం. 1860లో క్లొటిల్డా ఓడ చట్టవిరుద్ధంగా తెచ్చిన బందీలలో కొందరు విముక్తి తరువాత స్థాపించుకున్న ఊరు అది. 20వ శతాబ్దంలో దాని పక్కనే కాగితపు మిల్లులు వెలిశాయి. తమ జబ్బులకు ఆ కాలుష్యమే కారణమని నివాసులు కోర్టుకెక్కారు. అటువంటివారికి పర్యావరణ బాధ్యతను ప్రబోధించడంలో ఉన్న ఎబ్బెట్టుతనం దాచితే దాగేది కాదు.

అయినా ఈ తీర్పు చాలదు. ఋణం లేదు కనుక బాధ్యత లేదనే మాట నీటితో సంబంధమూ లేదనే దాకా పోతుంది. ఆ మాట వారికి కొత్త కాదు. తమ రేవులకు వచ్చిన స్వేచ్ఛాజీవులైన నల్ల నావికులను ఓడ కదిలే వరకు జైలులో ఉంచాలని దక్షిణ కెరొలినా 1822లో చట్టం చేసింది. 1919లో షికాగోలో మిషిగన్ సరస్సులో తెప్పపై ఆడుకుంటున్న నల్ల బాలుడొకడు తెల్లవారి వైపు కొట్టుకుపోయాడు. అతనిపై రాళ్లు రువ్వారు. అతడు మునిగి చనిపోయాడు. నగరమంతా అల్లర్లు చెలరేగాయి. నీటి నుంచి వెలివేసిన చరిత్ర గల సమాజానికి బాధ్యత నుంచి విముక్తి కల్పించడం మరొక వెలి కావచ్చు.

ఇక్కడ ఋణం కంటే 'అధికారం' అన్న మాట ఎక్కువ ఉపకరిస్తుంది. మీమాంసకుల వాడుకలో అధికారమంటే పెత్తనం కాదు, కర్మ చేయడానికి ఉండవలసిన అర్హత. అందులో హక్కు, విధి విడదీయరాకుండా ఉంటాయి. ఆ శాస్త్రమే శూద్రులకు యజ్ఞాధికారం నిరాకరించిందన్నది మరువరాదు. నిజానికి ఈ మాట ఇక్కడ సరిపోవడానికి కారణం కూడా అదే. విధిని నిరాకరించడం ఎంతటి అవమానమో దానికి తెలుసు.

ఫ్లోరిడాలో నల్లజాతి గజ ఈతగాళ్లు చేపట్టిన పనిని ఈ అర్థంలోనే చూడాలి. 'డైవింగ్ విత్ ఎ పర్పస్' సంస్థ వారు బానిస ఓడల శిథిలాలను నమోదు చేయడంలో శిక్షణ ఇస్తారు, పగడపు దిబ్బల పునరుద్ధరణలోనూ పాల్గొంటారు. వారు వెతుకుతున్న గెర్రేరో ఓడ 1827లో 561 మంది బందీలతో వస్తూ ఆ తీరపు దిబ్బలనే ఢీకొంది. 41 మంది మునిగిపోయారు. బందీలను చంపిన దిబ్బల శ్రేణిని వారి జాతివారు బతికించాలనుకోవడం ఋణభాషకు అందదు. దిబ్బ నేరస్థురాలు కాదు, దానికి ఎవరూ బాకీ పడలేదు. అయినా ఆ పని చేసే అర్హత తమకుందని వారు నీటిలోకి దిగుతున్నారు.

క్లొటిల్డా విషయంలో జ్ఞాపకం, జలం మరింత ముడిపడి ఉన్నాయి. నేరాన్ని దాచడానికి కెప్టెన్ దానిని తగలబెట్టి ముంచేశాడు. 2019లో మొబైల్ నది బురదలో దానిని గుర్తించారు. పైకి తీసి ప్రదర్శించాలన్న కోరిక సహజంగానే వినిపించింది. కాని కలప అందుకు తట్టుకోలేదని, ఉన్నచోటనే కాపాడడం మేలని 2024లో నిపుణులు నివేదించారు. ఇంతకాలం దాని చట్రాన్ని నిలిపింది ఆ బురదే. ఇకపై ఓడను కాపాడదలచినవారు నదిని కూడా కనిపెట్టుకుని ఉండాలి.