నాతాను ఏమి చేశాడు?



కొంతకాలం క్రితం దువ్వాడలో ఒక పెద్దాయన భూస్థాపన జరిపాను. ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో మట్టి మోసి, తర్వాత కూలి పనులతోనే కుటుంబాన్ని పోషించిన మనిషి. ప్రసంగం కోసం “మీ నాన్నగారి గురించి చెప్పు బాబూ” అని అడిగితే, కొడుకు కాసేపు ఆలోచించి, “చెప్పుకోడానికి ఏముంది ఫాదర్! పనికి వెళ్ళేవాడు, వచ్చేవాడు” అన్నాడు.

చెప్పుకోడానికి ఏమీ లేని బ్రతుకుకు విలువ ఉందా?

బైబిలులో అలాంటి రాజకుమారుడు ఒకడున్నాడు. అతని పేరు నాతాను. దావీదును మందలించిన నాతాను ప్రవక్త కాదు, దావీదు కొడుకు. యెరూషలేములో బత్షెబకు పుట్టిన నలుగురిలో ఒకడని రాజుల దినచర్య మొదటి గ్రంథం (3:5) చెబుతోంది. ఆ వరుసలో అతని పక్క పేరే సొలోమోను. సొలోమోను జ్ఞానం, కట్టిన దేవాలయం, చివరికి చేసిన తప్పులు కూడా గ్రంథస్థమయ్యాయి. నాతాను చేసిన పని గాని, పలికిన మాట గాని ఒక్కటీ లేదు.

అయినా యేసు వంశావళిని మత్తయి సొలోమోను మీదుగా చెబితే, లూకా (3:31) నాతాను మీదుగా చెప్పాడు. కొన్ని రైళ్ళు విశాఖ స్టేషనుకు పోకుండా మన దువ్వాడ మీదుగానే సాగిపోవా? లూకా వరుస కూడా అలాగే సింహాసనం వైపు వెళ్ళకుండా సాగిపోయింది.

ఇక్కడ రెండు పొరపాట్లు చేస్తాం. నాతానును అజ్ఞాత పుణ్యాత్ముణ్ణి చేయడం మొదటిది. మౌనం పుణ్యానికి సాక్ష్యం కాదు. అతడు మంచివాడో కాదో గ్రంథం చెప్పలేదు. అతణ్ణి రక్షకుని రాకకు మెట్టుగా మాత్రమే చూడటం రెండవది. మనిషి మరొకరు ఎక్కిపోయే మెట్టు కాడు.

గౌరవం అందుకునేవానిలో కంటే ఇచ్చేవారి చేతుల్లోనే ఎక్కువగా ఉంటుందని, కనుక అది జీవిత పరమార్థం కాజాలదని అరిస్టాటిల్ వాదించాడు. ఇచ్చేవారు మరచిపోతే పోయేది పేరే. చేసిన మేలు గాని, కీడు గాని జరగకుండా పోదు. మనుషులు మరచినా దేవుడు ఎరుగును.

మన ఉక్కు కర్మాగారానికి 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఆ పేర్లు మనకు తెలుసు. మధ్యలో 21 ఏళ్ళు ఎందరు మట్టి మోశారో!

ఆ రోజు సమాధిలో పిడికెడు మట్టి వేస్తూ ఆ కొడుకు నెమ్మదిగా అన్నాడు: “మమ్మల్ని ఏ రాత్రీ పస్తు పడుకోనివ్వలేదు ఫాదర్.” ఆ మాట ఏ శిలాఫలకం మీదికీ ఎక్కదు. అయినా అది జరిగింది.

సమాధుల పండుగ వరకు ఆగకండి. ఈ రాత్రే మీ ఇంటి పెద్దవారి పక్కన కూర్చోండి. వారి తాతల పేర్లు, వారు పడ్డ పాట్లు అడగండి. వారు చెప్పగలిగి ఉండగానే అడగండి.