ఇద్దరి నడక

ఉగాదికి శ్రీశైల మల్లికార్జునుని దర్శింప కర్ణాటకమునుండి ఏటేట వేలాది భక్తులు కాలినడకన వత్తురు. వారిలో దంపతులును కలరు. ఆత్మకూరు, వెంకటాపురము దాటినపిదప నల్లమల అడవి. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, ఆపై నిట్టనిలువు మెట్లెక్కిన కైలాసద్వారము. తెల్లవారకమునుపే మూట కట్టుట, ఎండ ముదురువరకు నడచుట, మధ్యాహ్నము చెట్టునీడ, సాయంకాలము మరల నడక, రాత్రి నేలపై పడక: ఇదియే వారి దినచర్య.

ఇచ్చట ఒక ధర్మసందేహము కలుగును. భార్య పాదములు బొబ్బలెక్కినచో, పండుగవేళకు చేరవలెనని భర్త ముందునకు సాగుట భక్తియగునా? భర్త మోకాలు పట్టినచో, భార్య ఆగుట వ్రతభంగమగునా?

మూటలను సమముగా పంచుకొనుటయే న్యాయమని తోచును. కాని సమము కావలసినది అలసటయే గాని బరువు కాదు. ఉదయము ఒకరు మోసిన మూట మధ్యాహ్నమునకు రెండవవారి భుజమునకు, అడుగకయే, మారవలెను. నీరు తెచ్చునదెవరు, పక్క పరచునదెవరు, చివర భుజించునదెవరు? ఇంటిలో మనము గమనింపని ఈ భారము బాటలో బయటపడును.

కావున వెనుకబడినవారి అడుగే ఇద్దరి అడుగు కావలెను. పండుగ దాటినను మల్లయ్య ఎచ్చటికిని పోడు. దాసోహమును బోధించిన బసవేశ్వరుని అనుయాయులమగు మనము, దానిని మొదట ప్రక్కన నడచువారికి అర్పింపవలదా?