మరుపు

2023 సెప్టెంబరులో మన ప్రభుత్వ బడుల పిల్లలు పదిమంది న్యూయార్కు వెళ్లి ఐక్యరాజ్యసమితి చూసొచ్చారు. దేశం దాటిన పిల్లలు ఆఖరి రోజుల్లో పెట్టెలో ఏం సర్దుకోవాలి?

అంబేడ్కర్ 1913లో ఆ ఊరే వెళ్లారు, బరోడా సంస్థానం డబ్బుతో. విదేశాల్లో ఉన్న ఆ ఏళ్లలో తాను అంటరానివాణ్ణన్న సంగతే మరిచిపోయానని రాసుకున్నారు. 1917లో కొలువుకొస్తే బరోడా గుర్తుచేసింది. కర్రలు పట్టుకొచ్చి సత్రం ఖాళీ చేయించారు.

"అక్కడే ఉండిపోవచ్చు గదండీ మేస్టారూ?" అన్నాడు మా పేట కుర్రోడు.

మా నాన్న కొబ్బరి దింపు తీసే కూలీ. డిగ్రీ పట్టుకుని ఊరికొచ్చిన నాకూ అరుగు కిందే చోటు చూపించారు. అందుకే చెబుతున్నా: ఆ మరుపే అసలు చదువు. అక్కడే ఉండిపోతే అది ఆయనొక్కరిదే. ఇంటికి తెస్తేనే పేటందరిదీ.

2022 మేలో జిల్లాకు ఆయన పేరు వద్దని అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. పేరు నిలిచింది. ఇక చదువుకోవాల్సింది ఊరే.