సొంతము లేనిచోట దాసోహము

కాయకము, దాసోహము అను మాటలు వీరశైవ గృహములలో పసివారికిని తెలియును. మొదటిది శ్రమ, రెండవది ఆ శ్రమఫలమును జంగమమునకు, సమాజమునకు వినయముతో అర్పించుట. అయితే సొంతమన్నదే లేనిచోట అర్పణమునకు తావున్నదా? దూరదేశపు చిన్నపల్లె యొకటి ఈ ప్రశ్నను నూరేండ్లు బ్రతికి చూపినది.

1910లో, తురుష్కుల యేలుబడిలోనున్న పాలస్తీనాయందు, జోర్డాను నది గలిలీ సరస్సును వీడు చోట పదుగురు పురుషులు, ఇద్దరు స్త్రీలు దెగానియా అను సమష్టి క్షేత్రమును స్థాపించిరి. వారందరు యూదులు. తమపై యజమాని యుండరాదు, తాము ఒరులను కూలికి పెట్టుకొనరాదు అనునవి వారి నియమములు. భూమి యూదు జాతీయ నిధిది, పంట అందరిది, భోజనము ఒక్క పంక్తిని. శక్తికొలది పనిచేసి, అవసరము కొలది పొందిరి. ఇట్టి పల్లెలకే తరువాత కిబ్బుట్జులని పేరు వచ్చినది.

శరణుల మార్గమెరిగిన వారికి ఇది పరాయి సంగతిగా తోచదు. నేలరాలిన బియ్యపు గింజల నేరుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడతడు అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ సంతసింపలేదు సరికదా, ఎక్కువైనదానిని తెచ్చినచోటనే వేసి రమ్మని పంపెను. ఆ యింట తీర్మానములు లేవు, సభలు లేవు. ఇంత చాలునను ఎఱుక మాత్రమే యున్నది.

దెగానియా మొదటి తరమువారికిని ఆ యెఱుక యుండెను. అక్కడ పుట్టిన బిడ్డలకో, అది తాము కోరుకొనని కట్టుబాటు. 1950ల నుండి పలు కిబ్బుట్జులు బయటి కూలీలను పెట్టుకొనెను. 1980లలో అనేకము అప్పులలో మునిగెను. 2007లో దెగానియా సభ్యులు పనినిబట్టి వేతనమిచ్చు పద్ధతికి సమ్మతించిరి. అయినను ఆదాయము తక్కువైన వారి ఆదరువునకై ఇతరులు తమ సంపాదనలో కొంత చెల్లించు ఏర్పాటును నిలుపుకొనిరి. తనదనుకొన్న దానినుండి తీసియిచ్చు ఈ రెండవ స్థితియే దాసోహమునకు దగ్గర యనిన కొందరికి వింతగా తోచవచ్చును. విధించి వసూలు చేసినది దాసోహమగునా అను శంకయు న్యాయమే.

ఇంతమాత్రమున మనవారు గర్వింపదగదు. అనంతగిరికి వాయవ్యముననున్న కల్యాణములో శరణుల సమాజము కొలదికాలమే నిలిచి, 1167 ప్రాంతమున చెదరిపోయెను. ఇక ఈ సీమలోనే, తాండూరు నాపరాతి గనులలో ఎండకు బండలు తీయువాని శ్రమ కాయకము కాక మరేమి? వాని కూలిలో కోసిన సొమ్ముతో జాతరనాడు అన్నము పెట్టినవారు దానిని దాసోహమని చెప్పుకొనుట యెట్లు? ఒరుల శ్రమపై బ్రతుకవలసివచ్చునన్న ఇట్టి జంకుచేతనే దెగానియావారు తొలినాడు కూలీలను వలదనుకొనిరి.