యాకోబు తిరిగి వచ్చిన దారి

ధ్యానభాగము: ఆదికాండము 27, 32, 33 అధ్యాయములు



విజయ్ మాల్యా గారి పేరు చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తెలియనివారు అరుదు. బెంగళూరు కోటీశ్వరుడు, కర్ణాటక నుండి రెండు మారులు రాజ్యసభకు వెళ్ళినవారు. (మద్యపు వ్యాపారమును గూర్చి మన సంఘముల మాట అందరికీ తెలిసినదే, నేటి అంశము అది కాదు.) 2005లో ఎగిరిన వారి కింగ్‌ఫిషర్ విమానములు 2012 అక్టోబరులో ఆగిపోయినవి. నెలల తరబడి జీతములు లేక ఉద్యోగులు వీధికెక్కిరి. బ్యాంకుల బాకీ వడ్డీతో దాదాపు 9,000 కోట్లని అప్పట్లో పత్రికలు వ్రాసినవి. 2016 మార్చి 2న ఆయన దేశము విడిచి లండను చేరిరి. 2019 జనవరిలో ముంబయి కోర్టు ఆయనను పరారీలోనున్న ఆర్థిక నేరస్థునిగా ప్రకటించినది. తాను మోసము చేయలేదని ఆయన వాదన. ఆయన ఆస్తుల నుండి 14,131 కోట్లు బ్యాంకులకు చేర్చితిమని 2024 డిసెంబరులో ఆర్థిక మంత్రి లోక్‌సభలో తెలిపిరి. సొమ్ము చేరినది, అప్పటికి మనిషి మాత్రము రాలేదు.

తీర్పు న్యాయస్థానములది. మనము యాకోబును చూతము. అన్న దీవెనను కపటముతో తీసికొని హారానుకు పారిపోయెను. కొన్నాళ్ళు ఉండి రమ్మని తల్లి పంపినది. ఇరువది ఏండ్లు గడిచినవి. అక్కడ బీదవాడుగా లేడు. మందలు, దాసులు, ఒంటెలు, పిల్లలు. అయినను ఏశావు 400 మందితో వచ్చుచున్నాడని వినగానే వణికిపోయెను. మేకలు, గొఱ్ఱెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు, లెక్కకు 550 పైగా ముందు పంపి, తాను వెనుక నిలిచెను! యబ్బోకు రేవున ఆ రాత్రి గడచిన తరువాతనే, కుంటుచు, అందరికన్న ముందుగా నడిచి, ఏడు మారులు సాగిలపడెను. అన్న వద్దనినను కానుకను బలవంతముగా ఇచ్చెను. హెబ్రీ మూలములో అక్కడ కానుకకు వాడిన మాట దీవెన అను మాటయే. తీసికొన్నదానినే తిరిగి ఇచ్చుచున్నాడు.

మన సంఘములలో కోట్లు లేవు, చీటీలున్నవి. చీటీ పాడుకొని, కంతులు కట్టలేక, రాత్రికి రాత్రి బెంగళూరు బస్సెక్కిన కుటుంబములను మనమెరుగుదుము. ఫోను తీయరు. ఆదివారము వేరొక మందిరములో వెనుక వరుసలో కూర్చుందురు. ఇక్కడ మనము చేయుచున్నదేమి? ప్రార్థన విన్నపములలో వారి పేరు ఎత్తి, బాకీ మొత్తము కూడ చెప్పుచున్నాము. అది ప్రార్థన కాదు, చాడీ. ఏశావు 400 మందిని వెనుక నిలిపి పరుగెత్తి కౌగిలించుకొనెను. మనము ఆ 400 మందిమై నిలిచితిమి.

కనుక పెద్దలమైన మేము ఒకటి అనుకొంటిమి. అట్టివారు ఎవరైన రాదలచిన, మొత్తము తేనక్కరలేదు. ఒక్క కంతు తెచ్చిన చాలును. మాలో ఇద్దరము వారితో కూడ సొమ్మివ్వవలసిన ఇంటికి నడిచి వత్తుము. ఆ మాట సంఘ కూటములో ఎత్తము.